నడక చివర ఏముంది?

(హెచ్. నరసింహయ్య స్మృతిలో కోలారు జిల్లా నరసాపురంలో చేసిన ఉపన్యాసం)

నైట్ షిఫ్టు దిగి, నిద్ర మానుకుని వచ్చిన పిల్లలు కొందరు వెనక వరసల్లో కూర్చున్నారు. మధ్యలో వాళ్లకు కునుకు పట్టినా నేనేమీ అనుకోను. లెక్చరర్‌గా బతికినవాణ్ణి. నా క్లాసులో నిద్రపోయినవాళ్లు తర్వాత బాగానే పైకొచ్చారు.

నాకిచ్చిన విషయం ‘యువతరం, ఆత్మవిశ్వాసం, కలలు’. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే నాకు కొంచెం భయం. వీటితో హాలు నింపడం తేలిక. పావుగంట గొంతు పెంచితే చప్పట్లు పడతాయి. కంపెనీ బస్సు ఎక్కేసరికి ఆ వేడి చల్లారిపోతుంది. అందుకని ఎవరి పేరు మీద ఈ పూట కూడామో ఆ మనిషి బతుకునే పట్టుకుని మాట్లాడతాను.

నరసింహయ్య గారి గురించి మన వైపు ఎవరు మాట్లాడినా ఒక నడకతో మొదలుపెడతారు. 1935. అప్పటి కోలారు జిల్లాలోనే ఉన్న గౌరిబిదనూరు తాలూకా, హొసూరు. 1920లో పుట్టిన పిల్లవాడు, పదిహేనేళ్లవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. మనందరి కథే. ఇంట్లో పేదరికం. ఊళ్లో ఉన్నంత వరకు చదివాడు, పై చదువు కావాలంటే బెంగళూరు పోవాలి. రైలుంది, టికెట్టుకు డబ్బు లేదు. నడిచాడు. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు నడిచి బసవనగుడిలోని నేషనల్ హైస్కూలుకు చేరాడు. ఆ నడిచిన పిల్లవాడే ఆ విద్యాసంస్థలోనే లెక్చరరై, ప్రిన్సిపాలై, చివరికి అధ్యక్షుడై, మధ్యలో బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతీ అయ్యాడు. 1984లో పద్మభూషణ్ వచ్చింది.

ఈ కథను బడుల్లో ఎట్లా చెబుతామో మీకు తెలుసు. ‘చూశారా, పట్టుదల ఉంటే ఎనభై కిలోమీటర్లైనా లెక్క కాదు. మీకు బస్సులున్నాయి, ఫోన్లున్నాయి, అయినా చదవరు.’ నేనూ ఈ మాట పిల్లల ముందు ఎన్నోసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఒకటే అనిపించేది. నడక వర్ణించేవాళ్లు బసవనగుడి గేటు దగ్గరే కథ ఆపేస్తారేమిటి? ఆ గేటు లోపల ఏముంది?

ముందుగా, బెంగళూరులో అతణ్ణి ఎరిగిన ఒక మేష్టరు ఉన్నారు. ఊరి బడిలో అతనికి పాఠం చెప్పి, ఆ తర్వాత బెంగళూరుకు వచ్చిన మనిషి. పిల్లవాడు ఊరూ పేరూ తెలియని నగరానికి గుడ్డిగా బయలుదేరలేదు. రమ్మన్నవాళ్లున్నారు కాబట్టి బయలుదేరాడు. ఇంకా ఏముంది? 1917లో అనిబిసెంట్ ప్రేరణతో పుట్టిన ఒక బడి ఉంది. సర్కారీ ఉద్యోగానికి గుమాస్తాల్ని తయారు చెయ్యడం మాత్రమే చదువు కాదన్న నమ్మకంతో కొందరు పెద్దలు జీతం తక్కువైనా అక్కడ పాఠాలు చెబుతున్నారు. పేద పిల్లలకు ఉచితంగా తిండి పెట్టి చోటిచ్చే వసతి గృహం ఉంది. ఆ వసతి గృహానికి బియ్యం ఎవరిచ్చారో, పప్పు ఎవరిచ్చారో, రాత్రి దీపానికి నూనె ఎవరు పోశారో మనకెవరికీ తెలియదు. వాళ్ల మీద స్మారక ఉపన్యాసాలుండవు. కానీ వాళ్లు లేకపోయుంటే ఆ నడకకు అర్థం లేదు. పదిహేనేళ్ల పిల్లవాడు కాళ్లు బొబ్బలెక్కి బసవనగుడి చేరి, రెండు రోజులు ఆకలితో తిరిగి, ఏ హోటల్లోనో గ్లాసులు కడిగే పనికి కుదిరేవాడు. ఆ రోజుల్లో అట్లా నడిచి వచ్చి గ్లాసుల దగ్గరే ఆగిపోయిన పిల్లలు తక్కువమంది కాదు. వాళ్ల కాళ్లలో బలం తక్కువేమీ కాదు.

నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఇదే. ఒక కుర్రవాడికి తన మీద తనకు నమ్మకం కలగడానికి ముందు, అతని మీద ఎవరో ఒకరికి నమ్మకం కలిగి ఉంటుంది. ఆ నమ్మకం ఒక చాపగానో, ఒక పూట అన్నంగానో, ఒక ఫీజు రసీదుగానో అతని చేతికి అందుతుంది. దాన్ని తలగడగా పెట్టుకుని పడుకున్నాకే కలలు వస్తాయి.

తెలుగువాళ్లకిది కొత్తేమీ కాదు. వారాలు చేసుకుని చదువుకోవడం మన తాతల కాలం దాకా మామూలు విషయం. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో అన్నం. అందులో అవమానం కూడా ఉండేది, కులం లెక్కలూ ఉండేవి. ఆ అన్నం అందరు పిల్లలకూ దొరికేది కాదని మరిచిపోకూడదు. నేను ఆ పద్ధతిని పొగడటం లేదు. చదువుకునే పిల్లవాడి పొట్ట ఊరి బాధ్యత అన్న ఒక్క ఊహ మాత్రం అందులో ఉంది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ గోడ మీదా చూస్తారు. ఆయన పెద్దలు ఆంధ్రలోని మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగువాళ్లు. పుట్టిన ముద్దేనహళ్లి అప్పట్లో కోలారు జిల్లానే. చిన్నప్పుడే తండ్రి పోయాడు. బెంగళూరులో మేనమామ ఆసరా. ఒక కొడగు కుటుంబం పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివారు. పూనా ఇంజనీరింగ్ కాలేజీకి పంపింది మైసూరు సర్కారు స్కాలర్‌షిప్పు. మేనమామనూ, ట్యూషన్ ఇచ్చిన ఇంటినీ, సర్కారు డబ్బునూ తీసేసి ఆ జీవితాన్ని మళ్లీ రాసి చూడండి. కృష్ణరాజసాగర్ ఆనకట్ట ఎక్కడిది?

సరే, నరసింహయ్య గారి దగ్గరికి వద్దాం. బెంగళూరు వచ్చిన మరుసటి ఏడు, 1936. ఆ వేసవిలో గాంధీగారు నంది కొండ మీద విశ్రాంతి తీసుకుని బెంగళూరు వచ్చారు. నేషనల్ హైస్కూలుకు కూడా వెళ్లారు. హిందీలో మాట్లాడారు. పక్కన నిలబడి దాన్ని కన్నడంలోకి చెప్పింది మన హొసూరు కుర్రవాడు. పదహారేళ్లవాడు. ఇంటి భాష కన్నడం కాదు, హిందీ అసలే కాదు.

ఈ సంగతి నాకు ఆ నడక కంటే ముఖ్యంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ ఎవరో ఒక మేష్టరు, ‘వీడు చెయ్యగలడు, వీణ్ణి నిలబెడదాం’ అని తీర్మానించారు. ఊరి నుంచి వచ్చి ఏడాది కాని పిల్లవాణ్ణి గాంధీ పక్కన నిలబెట్టడానికి ఆ బడివాళ్లకు ఎంత ధైర్యం కావాలి! తప్పు పోతే పోయేది బడి పరువే. ఆ పూట తర్వాత ఆ పిల్లవాడికి ‘నేను చెయ్యగలను’ అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. చేసేశాడు.

కెనడాలో ముండేర్ అనే చిన్న ఊళ్లో, ఇద్దరే టీచర్లున్న బడిలో చదువుకున్న ఆల్బర్ట్ బండూరా అనే ఆయన తర్వాత పెద్ద మనస్తత్వ శాస్త్రవేత్త అయ్యాడు. ‘నేను చెయ్యగలను’ అన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందని 1977లో ఒక పేరున్న వ్యాసం రాశాడు. నాలుగు దారులు చెప్పాడు. స్వయంగా ఒక పని చేసి గెలవడం, తనలాంటివాడే గెలవడం చూడటం, ఎదుటివాళ్లు ప్రోత్సహించి చెప్పడం, ఒళ్లూ మనసూ కుదురుగా ఉండటం. వీటిలో అన్నిటికన్నా గట్టిది మొదటిది. నోటిమాట ప్రోత్సాహం దానికంటే చాలా పలచన. చెప్పినవాడి మాట విని దిగాక ఓడిపోతే ఆ మాటా పోతుంది, చెప్పినవాడి మీద గురీ పోతుంది. నాలుగోది కూడా గుర్తుంచుకోండి. నైట్ షిఫ్టు చేసి, పీజీ హాస్టల్లో ఆరుగురితో గది పంచుకుని, పగలు సరిగ్గా నిద్రపట్టని కుర్రవాడికి నమ్మకం సన్నగిల్లితే అది గుణంలో లోపం కాదు. నిద్ర లేదు, అంతే.

ఇప్పుడు ఉపన్యాసాల సంగతి. మన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నదులు లేవు కాబట్టి బోర్ల మీదే బతుకు. వెయ్యి, పదిహేను వందల అడుగులు పోయినా నీరు పడని పొలాలు మీలో చాలామందికి తెలుసు. బోరు వెయ్యడానికి ముందు ఒకాయన వస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. ఒకచోట కొబ్బరికాయ లేచి నిలబడుతుంది. ‘ఇక్కడుంది గంగ’ అంటాడు. దక్షిణ తీసుకుని వెళ్లిపోతాడు. రిగ్గు బాడుగ, కేసింగ్ పైపు, బ్యాంకు లోను, బంగారం కుదువ, ఇవన్నీ రైతువి. కాలేజీలకు వచ్చే వ్యక్తిత్వ వికాస నిపుణుల్లో చాలామందిని చూస్తే నాకు ఆ కొబ్బరికాయ మనిషే గుర్తొస్తాడు. ‘నీలోనే శక్తి ఉంది’ అంటారు. ఉండొచ్చు. ఎన్ని అడుగుల లోతున ఉంది, తవ్వే ఖర్చెవరిది?

అందర్నీ ఒకే గాటన కట్టడం అన్యాయమని తెలుసు. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ చదివి గుటక మింగుకుని మళ్లీ పరీక్ష రాసినవాళ్లు నా ఎరుకలోనే ఉన్నారు. తెలుగు పుస్తకం దొరకడమే అపురూపమైన మన ఊళ్లలో ఆ ఒక్క పుస్తకం చేతులు మారి మారి అట్ట ఊడిపోయేది. ఒంటరి గదిలో ఒక మంచి పుస్తకం మనిషి తోడే. దాన్ని కాదనను.

ఇక మన నరసాపురం. బెంగళూరు–కోలారు హైవే పక్కన రాగి, టొమాటో, మల్బరీ పండే ఊరు. భూములు తీసుకుని పారిశ్రామిక వాడ చేశాక 2013లో హోండా స్కూటర్ల ఫ్యాక్టరీ వచ్చింది. స్కానియా వచ్చింది, ఇంకా బోలెడు వచ్చాయి. తర్వాత ఐఫోన్లు బిగించే విస్ట్రాన్ వచ్చింది. ఇక్కడికి నడిచి రావడానికి ఎవరూ ఎనభై కిలోమీటర్లు కష్టపడక్కర్లేదు. కంపెనీ బస్సు ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట దాకా వచ్చి ఎక్కించుకుంటుంది. కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు పిల్లలూ ఇక్కడున్నారు. ఐటిఐ, డిప్లొమా, బి.ఇ. చేసినవాళ్లు.

మరి ఈ ప్రయాణం చివర ఏముంది? 2020 డిసెంబరు 12, శనివారం తెల్లవారి ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా? రాత్రి షిఫ్టు ముగిసిన వేళ విస్ట్రాన్‌లో వేల మంది కార్మికులు తిరగబడ్డారు. అద్దాలు పగిలాయి, వాహనాలు తగలబడ్డాయి, ఫోన్లు పోయాయి. ప్రపంచం మొత్తం మీద పత్రికల్లో నరసాపురం పేరు అచ్చయిన రోజు అది. బహుశా మొదటిసారి.

ఇంజనీరింగ్ చదివినవాళ్లకు నెలకు 21 వేలని చెప్పి చేర్చుకుని 16 వేలు, ఆ తర్వాత 12 వేలు ఇచ్చారని కార్మికులు చెప్పినట్టు అప్పుడు పత్రికల్లో వచ్చింది. ఆ అక్టోబరులో షిఫ్టు ఎనిమిది గంటల నుంచి పన్నెండుకు పెరిగింది. హాజరు లెక్క, ఓవర్‌టైం లెక్క ఆ పెంపుకు సిద్ధంగా లేవు. పదిమందిలో ఒకరిద్దరు మాత్రమే కంపెనీ సొంత ఉద్యోగులు, మిగతావాళ్లు లేబర్ కాంట్రాక్టర్ల మనుషులు. జీతం ఎందుకు తగ్గిందని కంపెనీని అడిగితే కాంట్రాక్టరు పేరు, కాంట్రాక్టర్ని అడిగితే కంపెనీ పేరు. గొడవైన వారానికి యాపిల్ సంస్థ విచారించి, అక్టోబరు, నవంబరు జీతాలు కొందరికి ఆలస్యమైన మాట నిజమేననీ, పని గంటల లెక్క సరిగా నడవలేదనీ ఒప్పుకుంది. విస్ట్రాన్‌కు కొత్త ఆర్డర్లు ఆపింది. విస్ట్రాన్ క్షమాపణ చెప్పి, భారతదేశ వ్యవహారాలు చూసే ఉపాధ్యక్షుణ్ణి తప్పించింది. 2023లో ఆ ఫ్యాక్టరీ టాటా ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది.

అద్దాలు పగలగొట్టడాన్ని నేను సమర్థించను. వందమందికి పైగా అరెస్టయ్యారు. కేసు పడ్డ పిల్లవాడికి ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనైనా పోలీసు వెరిఫికేషన్ అంటే గండమే. కోపం ఒక్క పూటది, కాగితం ఏళ్ల తరబడిది. కానీ ఆ డిసెంబరు తర్వాత జరిగిన చర్చల్లో నన్ను నొప్పించింది ఒకటుంది. ‘ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు’ అన్నారు కొందరు పెద్దలు. నరసింహయ్య గారి నడకను ఉదాహరణగా తెచ్చినవాళ్లూ లేకపోలేదు. ఆయన నడిచి వెళ్లిన చోట ఎవరూ ఆయన అన్నంలో కోత పెట్టలేదని వాళ్లకు తట్టలేదు. ఒక కుర్రవాడు నాలుగేళ్లు బి.ఇ. చదివి, ఇంట్లోవాళ్లు అప్పు చేస్తే ఫీజు కట్టి, మొదటి జీతం కోసం ఎదురుచూసి, ఫోను మెసేజిలో వచ్చిన అంకె చూసుకున్నప్పుడు అతని ఆత్మవిశ్వాసం ఏమవుతుంది? చెప్పిన మాట మీద నిలబడని లోకంలో తన మాట మీద తాను నిలబడటం అతను ఎవరిని చూసి నేర్చుకోవాలి? బండూరా చెప్పిన మొదటి దారి ఇక్కడ వెనక్కి నడుస్తుంది. పని సరిగ్గా చేశాడు, ఓడిపోయాడు.

ఆ రోజుల్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చాలా సాదాగా చెప్పింది. వారానికి 48 గంటలు, ఆపైన చేసిన పనికి రెట్టింపు కూలి. ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన పిల్లల్లో ఎంతమందికి ఈ ఒక్క వాక్యం ఎవరైనా చెప్పి పంపారు? పదహారేళ్లు చదివించాం. త్రికోణమితి చెప్పాం, న్యూటన్ సూత్రాలు చెప్పాం. నేను కూడా అదే చెప్పాను. జీతం చీటీ చదవడం నేర్పలేదు.

ఇక్కడే నరసింహయ్య గారు మళ్లీ పనికొస్తారు. ఆయన జీవితంలో నడక ఒక్కసారే. ప్రశ్న మాత్రం చివరిదాకా. భౌతికశాస్త్రం మేష్టరు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం మొదలుపెట్టారు. వారం వారం మామూలు జనం వచ్చి శాస్త్రవేత్తల మాట విని ఎదురు ప్రశ్నలు వేసే చోటు అది. ఉపకులపతిగా ఉన్నప్పుడు 1976లో మహిమల్ని పరిశీలించే కమిటీ వేశారు. పుట్టపర్తి సాయిబాబాకు ఉత్తరాలు రాశారు, పరీక్షకు రమ్మని. జవాబు రాలేదు. చేతిలో దాచలేని గుమ్మడికాయ లాంటిది సృష్టించి చూపమన్న మాట అప్పట్లో ఊరంతా తిరిగింది. మీలో భక్తులు ఉండొచ్చు. ఆ వాదంలోకి ఇప్పుడు పోను. నేను చూసేది ఆ ధైర్యం ఎక్కడిదని. కోట్ల మంది నమ్మేదాన్ని, తన కుర్చీకి ప్రమాదమని తెలిసీ, ‘ఇదెట్లా జరుగుతుంది, చూపండి’ అని మర్యాదగా ఉత్తరం రాసి అడగడం. అరవలేదు, తిట్టలేదు, రాళ్లు వెయ్యలేదు. ఉత్తరం, తేదీ, సంతకం.

అదే మర్యాదతో మీ జీతం చీటీని అడగండి. చేరేటప్పుడు ఇచ్చే కాగితం మీద యజమాని ఎవరని రాసి ఉంది, కంపెనీ పేరా, కాంట్రాక్టరు పేరా? పీఎఫ్ నంబరు మీ పేరు మీద తెరిచారా, నెలనెలా డబ్బు పడుతోందా? ఓవర్‌టైం గంటలు మీరు రాసుకున్న లెక్కకు వాళ్ల లెక్క సరిపోతోందా? సరిపోకపోతే నోటితో కాకుండా కాగితం మీద అడిగి నకలు దగ్గర పెట్టుకున్నారా? మహిమను ప్రశ్నించిన మనిషి పేరు చెప్పుకునే చోట ఈ ప్రశ్నలు చిన్నవేమీ కావు. ఒక్కరు అడిగితే మేనేజరు గుర్తు పెట్టుకుంటాడు. ఇరవై మంది సంతకం పెట్టి అడిగితే జవాబు చెబుతాడు.

పెద్దల్ని, కంపెనీల్ని అనేసి కుర్రవాళ్లకు పూలదండ వేస్తున్నానని అనుకోకండి. మీకూ నాలుగు మాటలు. మొదటి జీతం రాగానే ఈఎంఐ మీద బైకు, రెండో నెలకు ఈఎంఐ మీద ఫోను. మూడో నెల నుంచి ఉద్యోగం నచ్చకపోయినా వదిలే స్వేచ్ఛ పోతుంది. క్రికెట్ పందేల యాప్‌లలో పోయిన జీతాల కథలు నేను పోలీసుల దగ్గర వినలేదు, తల్లుల దగ్గర విన్నాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పనిలో హిందీ, ఇంగ్లీషు. నాలుగు భాషలు చెవిన పడే అదృష్టం ఎంతమందికి ఉంది? ఒక్కదాన్నైనా తప్పుల్లేకుండా రాయడం నేర్చుకోండి. ఉత్తరం రాయలేనివాడి ప్రశ్న గేటు దగ్గరే అరుపుగా మారుతుంది.

ఆడపిల్లల సంగతి వేరు. మగపిల్లవాడి కలకు డబ్బే అడ్డం. ఆడపిల్ల కలకు డబ్బుతో పాటు పెళ్లి గడువు కూడా అడ్డం. ‘రెండేళ్లు పని చెయ్యమ్మా, తర్వాత చూద్దాం’ అంటారు. ఆ రెండేళ్లలో దాచిన డబ్బు ఆమె పెళ్లికే ఖర్చవుతుంది. ఆమె హాస్టల్ గది తలుపుకు గట్టి గడియ ఉందా, రాత్రి బస్సు వీధి చివర కాకుండా ఇంటి ముందు దించుతుందా అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. ఊళ్లో ఇంకో పది ఇళ్లవాళ్లు తమ కూతుళ్లను పనికి పంపాలా వద్దా అని తేల్చేది ఆ గడియే, ఆ బస్సే.

ఇంకో భయం మీ వయసులో ఉంటుంది. ఇరవై అయిదు దాటింది, ఇంకా ఏమీ కాలేదని. నరసింహయ్య గారి లెక్క చూడండి. 1942లో బి.ఎస్సీ. ఆనర్స్ చదువు మధ్యలో వదిలి క్విట్ ఇండియాలో దూకారు. జైళ్లు తిరిగారు. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరిపోతుంటే తిరిగొచ్చి మళ్లీ పుస్తకం తెరిచారు. 1946లో నేషనల్ కాలేజీలో లెక్చరరయ్యారు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి అణు భౌతికశాస్త్రంలో పిహెచ్.డి. పట్టా తీసుకున్నది 1960లో, నలభై ఏళ్ల వయసులో. ఇక ముళబాగిలు డి.వి. గుండప్ప గారైతే మెట్రిక్యులేషనే తప్పారు. కొన్నాళ్లు కోలారు బంగారు గనుల్లో ఒక సోడా ఫ్యాక్టరీలో పని చేశారు. ‘మంకుతిమ్మన కగ్గ’ రాసిన మనిషి, సోడా ఫ్యాక్టరీలో! ఆ పుస్తకం వెలువడిన 1943 నాటికి ఆయనకు యాభై అయిదు దాటాయి. కాబట్టి పాతికేళ్లకు తేలకపోతే కొంప మునగదు. తేలేదాకా కూలిపోకుండా నిలబెట్టే ఆసరా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఆసరా తీసేస్తే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. కె.జి.ఎఫ్. మన పక్కనే ఉంది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకుని వెలిగిన ఊరు. మూడు కిలోమీటర్ల లోతు దాకా దిగి బంగారం తవ్విన ఊరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఆనాటి పిల్లలు ఇవాళ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో పని చేసి రాత్రికి తిరిగొస్తారు. వాళ్ల తాతలు గనిలోకి దిగిన ధైర్యం వాళ్లకూ ఉంది. ధైర్యానికి తగిన పని మాత్రం ఊళ్లో లేదు.

నరసింహయ్య గారు తాను అందుకున్న ఆసరాను మరిచిపోలేదు. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. ఉపకులపతి పదవికి ముందూ, తర్వాతా కాలేజీ హాస్టల్లోనే ఒక గదిలో ఉన్నారు. 2005 జనవరి 31న కన్నుమూసే దాకా అదే తీరు. ఆ నిరాడంబరత్వాన్ని అందరూ పొగుడుతారు. నాకు మాత్రం ఆయన గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు పెట్టించడమే ఎక్కువగా కనిపిస్తుంది. బాగేపల్లి అంటే ఆంధ్ర సరిహద్దు, వీధిలో వినిపించేది తెలుగే, వానలు తక్కువ పడే తాలూకా. అక్కడ కాలేజీ పెట్టడమంటే, ఇక ఏ పిల్లవాడూ చదువు కోసం బెంగళూరు దాకా నడవక్కర్లేదని నిర్ణయించడం. తన నడకను పిల్లలకు ఆదర్శంగా చెప్పి ఊరుకోకుండా ఆ అవసరమే లేకుండా చేసిన మనిషి ఆయన.

అందుకని ఈ సభ నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడు మరో ఉపన్యాసకుణ్ణి పిలిచే డబ్బుతో ఇంకో పని చెయ్యండి. పంచాయతీలో అరివు కేంద్రాలని గ్రంథాలయాలు నడుస్తున్నాయి. షిఫ్టు దిగినవాళ్లకు అందుబాటులో ఉండే వేళల్లో ఒక గది తెరిచి ఉంచేలా పంచాయతీతో మాట్లాడండి. తెల్లవారి ఏడు నుంచి తొమ్మిది, రాత్రి ఏడు నుంచి పది. ఫ్యాను, మంచినీళ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, నాలుగు భాషల పత్రికలు చాలు. ఆదివారం పూట లేబర్ ఆఫీసులోనో, పీఎఫ్ ఆఫీసులోనో పని చేసి రిటైరైన గుమాస్తా ఒకరు అక్కడ కూర్చుని పిల్లలు తెచ్చిన అపాయింట్‌మెంట్ కాగితాలు, జీతం చీటీలు చదివి అర్థం చెప్పాలి. అట్లాంటివాళ్లు కోలారులో, బంగారుపేటలో చాలామంది ఉన్నారు, పిలిస్తే వస్తారు. ఉత్తరం రాయడం నేర్పే పని నాకివ్వండి. కన్నడంలో, ఇంగ్లీషులో, అడిగితే తెలుగులో కూడా. వచ్చే ఆదివారం నుంచే వస్తాను, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో చెప్పండి.